నీరు తీసినవ్యాధి, నీరే మందు

దప్పికచే నాలుక పిడచగట్టుకొనిన రోగికి నీరీయరాదను కట్టడి మన యిండ్లలో చిరకాలముగా నున్నది. విరేచనములగు బిడ్డకు నీరు పోసినచో నవి హెచ్చునని పెద్దలు భయపడుదురు, లంఖణమే పరమౌషధమందురు. ఆ పెద్దలను మేము నిందింపబోము. ఏలయన నిట్టి పొరపాటునే ఐరోపాలోని ఘనవైద్యులును చేసిరి. కలరా సోకినవాని శరీరమునుండి చిల్లికుండనుండివలె నీరు కారిపోవుచుండగా, వారు నరము కోసి నెత్తురును గూడ తీసివైచుచుండిరి.

1831వ సంవత్సరమున ఆ వ్యాధి ఇంగ్లాండునందలి సండర్లాండునకు వచ్చెను. విలియం బ్రూక్ ఓషానెసీ యను ఇరువదిరెండేండ్ల వైద్యుడచటికి బోయి రోగుల రక్తమును పరీక్షించెను. రక్తములోని నీరును లవణములును తరిగి, అది చిక్కబడియుండెను. పోయినదానిని మరల రక్తములో చేర్పవలెనని యాతడు వ్రాసెను. ఆ పని చేసినవాడు స్కాట్లండులోని లీత్ రేవున నుండిన థామస్ లాటా. 1832 మే నెలలో, నాడి దొరకక చావునకు సిద్ధముగానున్న యొక వృద్ధురాలి రక్తనాళములోనికి ఆరు పైంట్ల లవణజలమును, అనగా మూడు లీటర్లకు పైబడినదానిని, అరగంటలో నెక్కించెను. నాడి వచ్చెను, గుంటలుపడిన కన్నులు తేటపడెను, ఒడలు వెచ్చబడెను. ఆమె గట్టెక్కినదని తలచి లాటా వెడలిపోయెను. వాంతులును విరేచనములును మరల వచ్చెను. నీరు మాత్రము మరల నెక్కింపబడలేదు. అయిదున్నర గంటలలో నామె మరణించెను. పోవుచున్నంతసేపును పోయుచునే యుండవలెనని యా ముదుసలి చావు తెలిపినది. మరుసటి యేడే లాటాయును గతించెను. ఆ చికిత్సయు మూలబడెను. ఓషానెసీ బంగాళమునకు వచ్చి తంతితీగలు నాటించి పేరుగాంచెను. కలరాకు పుట్టినిల్లనదగిన దేశముననే యాతని తొలి కీర్తి మరుగుపడుట వింతగదా!

కాలినవానికిని నీటికిని సంబంధమేమని చదువరులడుగవచ్చును. కాలిన చర్మమున విషము పుట్టి చంపునని వెనుకటివారు నమ్మిరి. 1921లో అమెరికాలోని న్యూహేవెన్ పట్టణమున నొక నాటకశాల కాలినపుడు, గాయపడినవారిని పరీక్షించిన ఫ్రాంక్ అండర్‌హిల్, బొబ్బలలోని ద్రవము రక్తములోని ద్రవమువంటిదేయని చూపెను. నిప్పున పడినవాడును లోలోపల నెండిపోవుచున్నాడన్నమాట. 1968లో బాక్స్టర్, షైర్స్ అనువారు దీనికొక లెక్క యేర్పరచిరి: కిలో బరువునకు, కాలిన ప్రతి నూటవవంతునకు 4 మిల్లీలీటర్లు, అందు సగము కాలిన గడియనుండి 8 గంటలలోపల. 50 కిలోల మనిషికి నూటికి 30 పాళ్లు కాలినచో తొలినాడే 6 లీటర్లు! ఇట్టివానిని ఆసుపత్రికి చేర్పక, పుండుపై సిరాయు దోసెపిండియు పూయుచు గడియలు గడపుట ప్రాణహాని. ఇరువది నిమిషములు చల్లని ధారనీరు పోసి, శుభ్రమైన గుడ్డ కప్పి, వెంటనే బయలుదేరవలెను.

సూదిలేక నీరెక్కించు మార్గము చాలకాలము దొరకలేదు. పంచదార పేగుగోడ దాటునపుడు ఉప్పును వెంటబెట్టుకొని పోవుననియు, ఉప్పు వెంట నీరు నడచుననియు 1960 తరువాతి పరిశోధనలు తేల్చెను. కలరాలోగూడ నీ దారి మూతపడదు. 1968లో ఢాకాలో నాలిన్, కాష్ అను వైద్యులు దీనిని రోగులయందు రుజువుచేసిరి.

1971లో యుద్ధభయమున తూర్పు బంగాళమునుండి వచ్చిన కాందిశీకులు బనగాఁవున గుమిగూడిరి. కలరా చెలరేగెను. ఆసుపత్రిలో రెండు గదులు, పదునారు మంచములు. రోగులు నేలపైనే పడియుండిరి. సూదిద్వారా నెక్కించు ద్రవము నిండుకొనెను. అపుడు డాక్టరు దిలీప్ మహలనబీస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున కలిపించి, రోగుల తల్లులచేతను అన్నదమ్ములచేతను గిన్నెలతో త్రాగించెను. నూటికి 30 మంది వరకు చచ్చుచుండినచోట మరణములు 3.6కు దిగెను. మందిచ్చినవారు చదువుకొనిన దాదులు కారు, బంధువులు. మాకిదియే యన్నిటికన్న ముఖ్యముగా తోచుచున్నది.

ఇంటిలో పొట్లము లేనపుడు లీటరు మంచినీటికి తలగొట్టిన ఆరు టీచెంచాల పంచదార, అరచెంచా ఉప్పు చాలును, ఉప్పు మించరాదు. బిడ్డ వాంతిచేసికొన్నచో పదినిమిషములాగి, చెంచాతో మెల్లమెల్లగా పోయవలెను. చన్నుపాలు మానిపింపరాదు. కన్నులు లోతునకు పోవుట, ఏడ్చినను కన్నీరు రాకుండుట, మూత్రము తగ్గుట, పొట్టపై చర్మమును చిటికెతో పట్టి విడిచిన మెల్లగా సర్దుకొనుట, ఇవి నీరు తరిగిన గురుతులు. మగతగాపడి త్రాగలేని బిడ్డకు మాత్రము నోట పోయరాదు. ఆ బిడ్డకు లాటా త్రొక్కిన సూదిమార్గమే శరణ్యము; ఆలస్యము చేయక ఆసుపత్రికి కొనిపోవలెను.