ముల్లు చదివే పాట, వెలుగు చదివే పాట

పలికిన మాట, పాడిన పాట గాలిలో కొంత దూరం ప్రయాణం చేసి, తన శక్తిని గోడలకు, గుడ్డలకు, వినేవారి చెవులకు అప్పగించి అంతటితో మాయమవుతుంది. దానిని పట్టి దాచి, కావలసినప్పుడు తిరిగి వినిపించే యంత్రాన్ని మొదట నిర్మించినవాడు థామస్ ఎడిసన్. 1877లో ఆయన ఒక స్తూపానికి తగరపు రేకు చుట్టి, దాని మీద ముల్లు చేసిన నొక్కులలో తన గొంతును దాచినాడు. పదేళ్ళ తరువాత, 1887లో, ఎమిల్ బెర్లినర్ స్తూపానికి బదులు చదునైన పలకను వాడినాడు. ఎడిసన్ ముల్లు పైకి కిందికి కదిలితే, బెర్లినర్ ముల్లు కుడికి ఎడమకు ఊగుతూ గాడి గీసినది. చదునైన పలకలో ఒక గొప్ప సౌకర్యం ఉన్నది. ఒక అచ్చు తయారైతే చాలు, తపాలా కచేరీలో లక్కముద్ర వేసినట్లు వేలకొలది ప్రతులు వేయవచ్చును.

ఈ నల్లని రికార్డు, దాని తరువాత వచ్చిన వెండివంటి కాంపాక్టు డిస్కు, ఈ రెండింటిలో ఏది ఎక్కువ కాలం మన్నుతుంది? విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పేవారిని నమ్మరాదు. రెండూ అరిగేవే, చెడేవే. కాని చెడే తీరు వేరు. ఆ తేడా తెలియాలంటే ముందు అవి దేనితో చేసినవో, వాటి మీద పాటను ఎట్లా రాసినారో తెలుసుకోవాలి.

లక్కముద్ర అనే పోలిక ఊరికే చెప్పినది కాదు. పందొమ్మిదవ శతాబ్దం చివర నుండి దాదాపు యాభై ఏళ్ళ పాటు గ్రామఫోను ప్లేట్లు నిజంగానే లక్కతో తయారైనవి. ఏటికొప్పాక బొమ్మలకు మెరుగు తెచ్చే లక్కే ఇది. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద లక్కపురుగు స్రవించే జిగురు. దీనికి ప్రపంచంలో ముఖ్యమైన ఆకరం మన దేశమే. ప్లేటులో లక్క బంధక పదార్థం మాత్రమే. అధికభాగం మెత్తని రాతిపొడి, నల్లరంగుకు మసి, కొంచెం నూలుపోగు. రాతిపొడి ఎందుకు? ఉక్కు ముల్లును గాడి తనకు సరిపడేటట్లు అరగదీసుకోవడానికి! అందుకే ఒక్కొక్క వైపు వినగానే ముల్లు మార్చవలసి వచ్చేది. చిన్న రేకుడబ్బాలలో ముళ్ళు అమ్మేవారు.

1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ మొదలైనవారి పాటలు రికార్డు చేసినాడు. ఆ మూలాలను జర్మనీలోని హానోవరుకు పంపి, ప్లేట్లు ముద్రించి, ఓడలలో తిరిగి తెప్పించినారు. మన అడవుల లక్క సముద్రం దాటిపోయి పాటలై తిరిగి వచ్చినదన్నమాట. 1908లో కలకత్తాలోనే కర్మాగారం పెట్టిన తరువాత ఈ శ్రమ తప్పినది. తెలుగు నాటక పద్యాలు ఊరూరా మోగినది ఈ లక్కప్లేట్ల మీదనే. పది అంగుళాల ప్లేటు ఒక వైపు పాడేది మూడు, మూడున్నర నిమిషాలే. రంగస్థలం మీద ఎంతసేపైనా రాగం తీసే నటుడు ప్లేటు కోసం గడియారం చూసుకొని పాడవలసి వచ్చినది.

లక్కప్లేటుకు శత్రువులు ఇద్దరు. ఒకటి నేల: చేయి జారితే పెంకులే. రెండవది ముల్లు. బరువైన సౌండుబాక్సు కింద ఉక్కు ముల్లు ప్రతిసారీ గాడి గోడలను కొంత గీకుకొని పోయేది.

లక్క స్థానంలోకి మరొక పదార్థం రావడానికి యుద్ధం తోడ్పడినది. రెండవ ప్రపంచ సంగ్రామంలో అమెరికాకు లక్క దిగుమతి కష్టమై, 1942లో దాని వాడకం మీద ప్రభుత్వం ఆంక్షలు విధించినది. 1943 నుండి సైనికులకు పంపిన రికార్డులను కొంతవరకు వినైలు ప్లాస్టిక్కుతో చేసినారు. ఇది కిందపడినా పగలదు. అందులో రాతిపొడి లేదు గనుక రొద తక్కువ, గాడిని సన్నగా గీయవచ్చును. 1948లో కొలంబియా కంపెనీ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే లాంగ్ ప్లే రికార్డును విడుదల చేసినది. ఒక వైపున ఇరవై నిమిషాలకు పైగా పాట! మరుసటి ఏడే ఆర్.సి.ఏ. విక్టర్ కంపెనీ 45 చుట్ల చిన్న రికార్డు తెచ్చినది. 1974లో దివంగతులైన ఘంటసాల గానం చేసిన భగవద్గీత మన ఇళ్ళకు మొదట వచ్చినది ఎల్.పి. రూపంలోనే. కేసెట్టు, సి.డి. ఆ తరువాతి మాట.

ఎల్.పి.లో ఒక విశేషాన్ని విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చును. పన్నెండు అంగుళాల రికార్డులో వెలుపలి గాడి వ్యాసార్థం సుమారు 14.6 సెంటీమీటర్లు, లోపలి చివర సుమారు 6 సెంటీమీటర్లు. చుట్ల వేగం ఒక్కటే గనుక ముల్లు కింద గాడి జరిగే వేగం వెలుపల సెకనుకు 51 సెంటీమీటర్లు, లోపల 21. అనగా ఒక సెకను పాటకు లోపల దొరికే చోటు సగం కంటె తక్కువ. సూక్ష్మమైన కంపనాలు అక్కడ ఇరుక్కొని పోతాయి. రికార్డులో చివరి పాట కొంచెం మసకగా వినిపించడానికి కారణం గాయకుని అలసట కాదు, ఈ జ్యామితియే.

వినైలు రికార్డు ఎట్లా ముసలిదవుతుంది? ముల్లు మీద ఉండే బరువు రెండు గ్రాములే కావచ్చును. కాని వజ్రపు మొన గాడిని తాకే చోటు అత్యంత స్వల్పం గనుక అక్కడి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు వందల కిలోగ్రాములను మించుతుంది. అందువల్ల ముందు హెచ్చు స్థాయి కంపనాలు, అంటే తాళాల మెరుపు, వయొలిన్ అంచు, కొద్దికొద్దిగా అరుగుతాయి. వినైలు విద్యుద్బంధకం కావడం చేత రాపిడితో విద్యుదావేశం పొంది, గదిలోని దుమ్మునంతా పిలుచుకుంటుంది. ఎండ తగిలే కిటికీ పక్కన పెడితే అప్పడంలా వంగుతుంది. కోస్తా జిల్లాల వానకాలంలో బూజు పడుతుంది. అయితే ఇన్ని జరిగినా పాట ఒక్కసారిగా పోదు. నిలువుగా, చల్లని చోట దాచి, మంచి ముల్లుతో మితంగా వింటే మనిషి ఆయుర్దాయాన్ని దాటి నిలుస్తుంది. గీత పడినచోట టిక్కుమంటుంది, పక్క గాడిలోనికి దూకుతుంది, కాని పాడుతూనే ఉంటుంది.

ఇక కాంపాక్టు డిస్కు. ఫిలిప్స్, సోనీ కంపెనీలు కలిసి రూపొందించిన ఈ పలక 1982 అక్టోబరులో జపానులో అమ్మకానికి వచ్చినది. ఇందులో పాట ఆకారం లేదు, పాట కొలతలు మాత్రమే ఉన్నవి. ధ్వని పీడనాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతను 16 ద్విసంఖ్యాంకాలతో రాస్తారు. ఎడమ, కుడి కలిపి సెకనుకు 14,11,200 అంకాలు. ఈ అంకాలను 1.2 మిల్లీమీటర్ల మందం గల పాలీకార్బొనేటు పలకలో, మైక్రానులో సగం వెడల్పు గల గుంటలుగా ఒత్తి, మీద పలుచని అల్యూమినియం పూత, దాని మీద లక్కవంటి రక్షణపూత వేస్తారు. గుంటల వరుసల మధ్య దూరం 1.6 మైక్రానులు. మన తలవెంట్రుక వెడల్పులో నలభై వరుసలు పడతాయి! వీటిని చదివేది లేసరు కిరణం. అది పలకను తాకదు గనుక వెయ్యిసార్లు విన్నా అరుగుదల లేదు.

పైన దుమ్ము పడితే? కిరణం పలక ఉపరితలం వద్ద ముప్పాతిక మిల్లీమీటరు వెడల్పు ఉండి, లోపల గుంటల దగ్గరకు వచ్చేసరికి రెండు మైక్రానులకు లోపు కేంద్రీకృతమవుతుంది. పుస్తకం చదివేటప్పుడు కళ్ళద్దం మీది నలుసు కనిపించనట్లే చిన్న మరక దానికి అడ్డు రాదు. అంతకంటె గొప్ప ఏర్పాటు మరొకటి. 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలొమన్ అనే గణితజ్ఞులు తప్పులను దిద్దుకొనే ఒక సంకేత పద్ధతిని ప్రకటించినారు. ‘విశా–పట్నం’ అని రాసి ఉంటే పోయిన అక్షరం ‘ఖ’ అని మనకు తెలుస్తుంది. ఒక మాటలోని అక్షరాలన్నీ పోతే మాత్రం ఏమీ చేయలేము. కనుక సి.డి.లో ఒక మాట అక్షరాలను పక్కపక్కన రాయక దూరదూరంగా వెదజల్లుతారు. గీత పడితే అనేక మాటలలో తలా ఒక అక్షరం పోతుంది. యంత్రం అదనపు అంకాల సాయంతో వాటిని పూరిస్తుంది. వరుస వెంట సుమారు రెండున్నర మిల్లీమీటర్ల మేర అంకాలు పోయినా పాట చెక్కుచెదరదు.

ఈ గుణమే సి.డి.లోని ప్రమాదం కూడా. లోపల క్షయం మొదలైనా బయటకు తెలియనీయదు. దిద్దగల హద్దు దాటిననాడు ఒక్కసారిగా మూగబోతుంది. పైగా అందరూ మెరిసే వైపును జాగ్రత్తగా చూసుకుంటారు. నిజానికి బలహీనమైనది పేరు అచ్చువేసిన వైపు. అటు అల్యూమినియానికీ బయటి గాలికీ మధ్య ఉన్నది పలుచని పూత మాత్రమే. గాలిలోని తేమ లోపలికి చేరితే లోహం ఆక్సీకరణం చెంది అద్దం చిల్లులు పడుతుంది. ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్ కర్మాగారంలో 1988 తరువాత కొన్నేళ్ళు తయారైన కొన్ని డిస్కులు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. వాటికి అల్యూమినియానికి బదులు వెండి పూసినారు. అట్టలోని కాగితంలో ఉన్న గంధకం రక్షణపూతను దాటి వెండిని చేరగా, డిస్కులు అంచు నుండి కంచురంగుకు తిరిగి పనికిరాకుండా పోయినవి. మన వంటింటి వెండి గిన్నె నల్లబడే రసాయన చర్యే అది!

ఇక్కడ ఉపాధ్యాయులు గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. కంప్యూటరులో మనం స్వయంగా రాసుకొన్న సి.డి.లో గుంటలు లేవు. ఒక రంగుపూతను లేసరు వేడి చేసిన మచ్చలే ఉన్నవి. రంగుబట్ట ఎండకు వెలిసినట్లే ఇవీ వెలుస్తాయి. ఇరవై ఏళ్ళ క్రిందట బడి వార్షికోత్సవాలు, పెద్దల ఉపన్యాసాలు, ఊరి భజనబృందాల పాటలు ఎన్నో ఇటువంటి డిస్కులకు ఎక్కించి బీరువాలలో పెట్టినారు. లక్కప్లేటు కంటె ముందు పోయేవి ఇవే. అయితే వీటికి ఒక వరం ఉన్నది: చదవగలిగినంత కాలం అంకెకు అంకె తప్పకుండా ప్రతి తీయవచ్చును. మన తాళపత్ర గ్రంథాలు నిలిచినదీ ఒకరి తరువాత ఒకరు ప్రతి రాసినందువల్లనే. వ్రాయసగాడు తప్పు రాయవచ్చు, కంప్యూటరు రెండు ప్రతులనూ పోల్చి చూసుకుంటుంది. ఎల్.పి.ని టేపుకు, ఆ టేపును మరొక టేపుకు ఎక్కిస్తే మాత్రం ప్రతి మెట్టులోనూ కొంత రొద చేరుతుంది.

మరి ఇంత నిర్దుష్టమైన సి.డి. ఉండగా పాత నల్లరికార్డు మీద మోజు ఎందుకు తిరిగి వచ్చినది? 2022లో అమెరికాలో 4.1 కోట్ల వినైలు రికార్డులు, 3.3 కోట్ల సి.డి.లు అమ్ముడైనవి. 1987 తరువాత వినైలు సంఖ్యలో పైచేయి కావడం అదే మొదలు. సి.డి.లో ధ్వని మెట్లుమెట్లుగా ఉంటుందనీ, రికార్డులో నునుపుగా ఉంటుందనీ కొందరు చెబుతారు. ఇది సరికాదు. అత్యధిక కంపనానికి రెండు రెట్లకు మించి కొలతలు తీస్తే తరంగాన్ని పూర్తిగా పునర్నిర్మించవచ్చునని గణితం రుజువు చేసినది. మెల్లని, బిగ్గరైన ధ్వనుల మధ్య వ్యత్యాసం సి.డి.లో 96 డెసిబెల్‌ల దాకా నిలుస్తుంది, ఎల్.పి.లో 70 కూడా కష్టం. అయితే ఫిర్యాదులో ఒక నిజం ఉన్నది. 1990 తరువాత అనేక సి.డి.లలో పాటనంతటినీ ఒకే బిగ్గర స్థాయికి నొక్కిపెట్టినారు. అది పలక లోపం కాదు, తయారుచేసినవారి తొందర. ఇక పెద్ద అట్ట, దాని మీది బొమ్మ, ముల్లు దించేటప్పటి శ్రద్ధ, వైపు మార్చడానికి లేవడం ఇవన్నీ వినడంలో భాగమే. భౌతికశాస్త్రంలో దీనికి కొలమానం లేదు గాని, లేనిదని అనడం మూర్ఖత్వం.

పలక మిగిలినా చదివే సాధనం మిగలాలి గదా. కొత్త కంప్యూటర్లలో చాలావాటికి ఇప్పుడు సి.డి. పెట్టే చోటే లేదు. గాడి రికార్డుకు ఈ చిక్కు తక్కువ. తరగతిలో చేసి చూపవచ్చును: కాగితాన్ని గరాటులా చుట్టి, కొసకు గుండుసూది గుచ్చి, తిరుగుతున్న రికార్డు మీద ఆనిస్తే విద్యుత్తు లేకుండానే పాట వినిపిస్తుంది. గాడి పాడవుతుంది కనుక పనికిరాని రికార్డునే వాడాలి. ముక్కలైన ప్లేటు సైతం నిరాశ చేయనక్కరలేదు. అమెరికాలోని బర్క్‌లీ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు గాడిని ముట్టకుండా సూక్ష్మంగా ఫోటో తీసి, బొమ్మ నుండి ధ్వనిని లెక్కకట్టే పద్ధతిని రూపొందించినారు.

కాని వేగం తెలియాలి. లక్కప్లేట్ల తొలిరోజులలో 78 చుట్ల నియమం స్థిరపడలేదు. 74 చుట్లకు పాడినదానిని 78కి తిప్పితే శ్రుతి ఇంచుమించు ఒక స్వరస్థానం పెరుగుతుంది. ఆధార షడ్జమమే మారిపోతుందని సంగీతజ్ఞులకు చెప్పనక్కరలేదు. ఎడిసన్ కంటె ముందే, 1860లో, పారిస్‌లో లియాన్ స్కాట్ అనే ఆయన మసి పట్టించిన కాగితం మీద ఒక పాట కంపనాలను గీసినాడు. దానిని తిరిగి వినిపించే ఆలోచన ఆయనకు లేదు. 2008లో ఆ గీతలను బర్క్‌లీ ప్రయోగశాల సాయంతో ధ్వనిగా మార్చినప్పుడు ఎవరో బాలిక గొంతు వలె వినిపించినది. కాగితం మీదనే శ్రుతిదండం గీసిన గుర్తు ఉన్నా, దాని కంపనాల లెక్కను రెట్టింపుగా అర్థం చేసుకొన్నారు. మరుసటి ఏడు వేగాన్ని సగానికి తగ్గించగా అది నెమ్మదిగా పాడుతున్న పురుషుని గొంతు, బహుశా స్కాట్ గొంతే, అని తేలినది.

1977లో వాయేజరు నౌకలు మోసుకొనిపోయిన రికార్డును తయారుచేసినవారు ఈ చిక్కును ముందే ఊహించినారు. అది బంగారుపూత పూసిన రాగిపలక, గాడి రికార్డే. అందులో కేసర్‌బాయి కేర్కర్ పాడిన పాట ఉన్నది. నౌకతో పాటు ముల్లునూ పంపినారు. ఒక చుట్టుకు 3.6 సెకన్లు పట్టాలని మూత మీద చెక్కినారు. సెకను అంటే ఏమిటో అక్కడివారికి తెలియదు కనుక, ఆ కాలాన్ని ఉదజని పరమాణువులోని ఒక మార్పుకు పట్టే కాలంతో కొలిచి రాసినారు.