కోట మీద వాలిన క్రౌంచాలు

క్రీ.శ. 1112. చైనాలో దీపాల పండుగ మర్నాటి సాయంత్రం. సోంగ్ సామ్రాజ్య రాజధాని, నేటి కైఫెంగ్ నగరం. రాజప్రాసాదం ముఖద్వారం చుట్టూ మబ్బులు కమ్ముకున్నాయి. అంతలో పైనుంచి పక్షుల కేకలు! జనం తలెత్తి చూశారు. తెల్లటి క్రౌంచ పక్షులు గుంపుగా కోట కప్పు మీద చక్కర్లు కొడుతున్నాయి. రెండు మాత్రం కిందికి దిగి, కప్పు కొసల మీది కొమ్ములపై చెరొకటీ వాలాయి. చూస్తున్నవాళ్లంతా సాగిలపడి మొక్కారు. చాలాసేపు తిరిగి తిరిగి, పక్షులు వాయవ్య దిక్కుగా వెళ్లిపోయాయి.

ఈ సంగతులన్నీ రాసిపెట్టింది చక్రవర్తి హుయ్‌జోంగ్. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు నిండలేదు.

చైనాలో క్రౌంచమంటే దీర్ఘాయువు, సిద్ధపురుషుల వాహనం. అది కోట మీద వాలిందంటే రాజు పాలనను ఆకాశం మెచ్చినట్టే. తావో మతాన్ని గాఢంగా నమ్మిన హుయ్‌జోంగ్ ఆ శకునాన్ని పట్టుబట్ట మీదికి ఎక్కించాడు. మొత్తం 20 పక్షులు. ఎగిరే పద్దెనిమిదిలో ఏ ఒక్కటీ ఇంకోదానిలా ఉండదు. చైనా చిత్రకారులు సాధారణంగా ఖాళీగా వదిలేసే ఆకాశానికి ఇక్కడ నిండుగా నీలం పూశారు. ఇందులో ఆస్థాన చిత్రకారుల చెయ్యి ఎంతుందని పండితులు నేటికీ వాదించుకుంటున్నారు. కానీ ఆ చూపు మాత్రం ఆయనదేనని నాకు గట్టి నమ్మకం.

ఎందుకంటే పక్షుల విషయంలో ఆయన పట్టింపు అలాంటిది. దిబ్బ ఎక్కబోతున్న నెమలిని గీయమని ఒకసారి ఆస్థాన చిత్రకారులను ఆదేశించాడట. అందరూ కుడికాలు ఎత్తినట్టు గీశారు. తప్పన్నాడు చక్రవర్తి. ఏమిటో ఎవరికీ అంతుపట్టలేదు. కొన్నాళ్లకు ఆయనే చెప్పాడు: నెమలి పైకెక్కేటప్పుడు ముందు ఎత్తేది ఎడమకాలు! తాను గీసిన పక్షుల కళ్లకు చిక్కటి చెట్టుజిగురుతో చుక్క పెట్టేవాడని, అది పట్టు మీద గింజలా ఉబ్బెత్తుగా నిలిచేదని ఆ శతాబ్దపు గ్రంథకర్త డెంగ్ చున్ రాశాడు.

రాజ్యం విషయంలో ఆ నిశితమైన చూపు పనిచేయలేదు. 1120లో పాత శత్రువు లియావో రాజ్యాన్ని దెబ్బతీయడానికి ఉత్తరాది జుర్చెన్లతో పొత్తు కట్టాడు. లియావో కూలింది. ఆ మిత్రులే సోంగ్ మీద పడ్డారు. 1127లో రాజధాని వాళ్ల చేతికి చిక్కింది. అప్పటికే కొడుక్కి సింహాసనం అప్పగించిన హుయ్‌జోంగ్‌నూ, ఆ కొడుకునూ బందీలుగా ఉత్తరానికి ఈడ్చుకుపోయారు. 1135లో హుయ్‌జోంగ్ ఆ చెరలోనే కన్నుమూశాడు.

రాజుగా ఆయన విఫలుడు. అందులో వాదన లేదు. పక్షిని అంత శ్రద్ధగా చూసిన మరో రాజు మాత్రం నాకు చరిత్రలో కనిపించడు.

జుర్చెన్ల వారసులైన మంచూల చివరి చక్రవర్తి పూయి బీజింగ్ ప్రాసాదం నుంచి తరలించిన చిత్రాల్లో ఈ క్రౌంచాలూ ఉన్నాయి. ఇప్పుడవి ఈశాన్య చైనాలోని షెన్‌యాంగ్‌లో, లియావోనింగ్ ప్రాంతీయ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.