పళ్లెంలో ఉన్నది రక్తంలోకి చేరుతోందా? సహజ ఆహారంలోని ఖనిజ లవణాలు



మన సంఘాలలో చదివే ప్రార్థన మనవులలో కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వినిపిస్తుంటాయి. ఒంట్లో నీరసం, కళ్లు తిరగడం, మెట్లెక్కితే ఆయాసం, మోకాళ్ల నొప్పులు, బిడ్డ వయసుకు తగ్గట్టు ఎదగకపోవడం. వీటికి కారణాలు ఎన్నో ఉండవచ్చు. అయినా చాలా ఇళ్లలో కారణం రోజూ తినే అన్నం దగ్గరే ఉంటుంది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే మన ఆరాధనలో కూర్చున్న ప్రతి పదిమంది స్త్రీలలో దాదాపు ఆరుగురు. దేశంలో 6 నెలల నుంచి 5 ఏళ్లలోపు పిల్లలలోనైతే 67 శాతం.

వీరిలో కడుపునిండా తింటున్నవారూ ఉన్నారు. అందుకే ఈ వారం ఖనిజ లవణాల గురించి రాస్తున్నాం. ఏ ఆహారంలో ఏముందో చెప్పే పట్టికలు చాలామంది చూసే ఉంటారు. ఆ ఆహారంలో ఉన్నది మన రక్తంలోకి, ఎముకలలోకి చేరేది ఎప్పుడు, చేరకుండా పోయేది ఎప్పుడు అన్నది తెలుసుకోవడం అంతకన్నా అవసరం.

ఖనిజ లవణాలు అంటే

ఇనుము, కాల్షియం, జింక్, అయొడిన్, పొటాషియం, మెగ్నీషియం, ఫాస్ఫరస్ వంటివి ఖనిజ లవణాలు. వీటిని మన శరీరం తయారు చేసుకోలేదు. మొక్కలూ తయారు చేయలేవు. మొక్క వీటిని నేలలోనుంచి పీల్చుకుంటుంది. మనం ఆ మొక్కను గాని, దాన్ని తిన్న జంతువు పాలను, మాంసాన్ని గాని తిని పొందుతాం. విటమిన్లలో కొన్ని వేడికి నశిస్తాయి. ఖనిజాలు అలా నశించవు. కాని కూరగాయలు ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే నీళ్లతోపాటు కొంత పోతాయి. బియ్యాన్ని తెల్లగా పాలిష్ పడితే తవుడుతో చాలా భాగం పోతుంది.

పరిమాణాలు గమనించండి. పెద్దవారి శరీరంలో కాల్షియం సుమారు ఒక కిలో ఉంటుంది. ఇనుము 3, 4 గ్రాములే. అయొడిన్ అయితే గ్రాములో యాభయ్యో వంతు కూడా ఉండదు. అంత కొంచెం లేకపోయినా మనిషి ఆరోగ్యం దెబ్బతింటుంది.

ఇనుము: రక్తానికి ఆధారం

రక్తంలోని హిమోగ్లోబిన్ ఊపిరితిత్తులనుంచి ప్రాణవాయువును ఒళ్లంతటికీ మోసుకెళ్తుంది. శరీరంలోని ఇనుములో మూడింట రెండు వంతులు ఇందులోనే ఉంటుంది. హిమోగ్లోబిన్ స్త్రీలకు 12 గ్రాములు, గర్భిణులకు 11, పురుషులకు 13 కన్నా తగ్గితే రక్తహీనత అంటారు. అలసట, ఆయాసం, కింది కనురెప్ప లోపల పాలిపోవడం దీని గుర్తులు. మట్టి, బలపాలు, పచ్చి బియ్యం తినాలనిపించడం కూడా ఇనుము లోపానికి గుర్తు కావచ్చు. ఇంట్లో ఆడపిల్ల దాచుకుని బలపాలు తింటుంటే తిట్టవద్దు, రక్తపరీక్ష చేయించండి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసుల ప్రకారం స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, పురుషునికి 19. నెలసరిలో పోయే రక్తంవల్ల స్త్రీకి ఎక్కువ అవసరం. ఇప్పుడు మన తిండి చూడండి. 100 గ్రాముల పాలిష్ బియ్యంలో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా లేదు. అదే సజ్జలలో 6 మిల్లీగ్రాములకు పైగా, ఉలవలలో 8కి పైగా, రాగులలో 4కు పైగా ఉంది. తోటకూర, మునగాకు, శనగలు, నువ్వులలో కూడా ఉంది.

అయితే మొక్కలనుంచి వచ్చే ఇనుములో మన పేగులు పీల్చుకునేది కొద్ది భాగమే. మాంసం, చేపలు, కార్జంలో ఉన్న ఇనుము ఇంతకన్నా చాలా తేలికగా ఒంటబడుతుంది. గింజల పైపొరలో ఫైటేట్లు అనే పదార్థాలు ఉంటాయి. అవి ఇనుమును, జింక్‌ను పట్టుకుని వదలవు. టీ, కాఫీలలోని వగరు పదార్థాలు కూడా అంతే. అన్నంతోపాటు టీ తాగితే ఆ భోజనంలోని ఇనుము ఒంటికి పట్టడం సగానికి పైగా తగ్గవచ్చు.

దీనికి విరుగుడు మన వంటింట్లోనే ఉంది. విటమిన్ సి ఉన్న పదార్థాన్ని అదే భోజనంలో కలిపితే ఇనుము బాగా ఒంటబడుతుంది. పప్పులో, ఆకుకూరలో పొయ్యి దించాక నిమ్మకాయ పిండండి. ముందే పిండి మరిగిస్తే విటమిన్ నశిస్తుంది. భోజనం తర్వాత ఒక జామకాయ తినండి. జామలో విటమిన్ సి నారింజలోకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఉసిరికాయ కూడా మంచిదే. గింజలను నానబెట్టినా, మొలకెత్తించినా, పిండి పులియబెట్టినా ఫైటేట్లు తగ్గుతాయి. మన పెద్దలు రాగులు మొలకెత్తించి పిండి చేయడం, అంబలి పులియబెట్టడం, ఇడ్లీ పిండిని రాత్రంతా ఉంచడం రుచికోసం చేసి ఉండవచ్చు. ఇనుము విషయంలో కూడా అవి మంచి పద్ధతులే. పులుసు కూరలు ఇనుప మూకుడులో వండితే మూకుడులోని ఇనుము కొంత కూరలోకి దిగుతుంది.

మనలో పాతుకుపోయిన రెండు నమ్మకాలను ఇక్కడ సరిచూడాలి. బీట్‌రూట్ ఎర్రగా ఉంది కాబట్టి రక్తం పడుతుందంటారు. ఆ ఎరుపుకూ ఇనుముకూ సంబంధం లేదు. 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఇనుము ఒక మిల్లీగ్రాముకన్నా తక్కువ. బెల్లంలో ఇనుము ఉన్నమాట నిజమే. కాని 10 గ్రాముల బెల్లం ముక్కలో అర మిల్లీగ్రాము కూడా ఉండడం కష్టం. రక్తంకోసమని బెల్లం ఎక్కువ తింటే మధుమేహం ఉన్నవారికి చక్కెర పెరగడమే మిగులుతుంది.

రక్తహీనత వచ్చాక ఆహారం ఒక్కటే సరిపోదు. గర్భిణులకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఐరన్ మాత్రలు మానకూడదు. మలం నల్లగా వస్తుందని భయపడి చాలామంది ఆపేస్తారు. అది మామూలే, హానికరం కాదు. ఐరన్ మాత్రను, కాల్షియం మాత్రను ఒకేసారి వేసుకోకూడదు. కాల్షియం ఇనుమును అడ్డుకుంటుంది. కాబట్టి ఒకటి ఉదయం వేసుకుంటే మరొకటి సాయంత్రం వేసుకోవాలి. నట్టలు ఉన్నా, నెలసరిలో అధిక రక్తస్రావం ఉన్నా ఎంత తిన్నా ఫలితం ఉండదు. అందుకు వైద్యం చేయించుకోవాలి.

కాల్షియం: ఎముకలలో దాచుకున్న నిల్వ

శరీరంలోని కాల్షియంలో 99 శాతం ఎముకలు, పళ్లలో ఉంటుంది. మిగిలిన ఒక్క శాతమే గుండె కొట్టుకోవడానికి, కండరాలు కదలడానికి, గాయమైతే రక్తం గడ్డకట్టడానికి పనికొస్తుంది. ఆ ఒక్క శాతాన్ని శరీరం ఎన్నడూ తగ్గనివ్వదు. తిండిలో రాకపోతే ఎముకలనుంచి తీసుకుంటుంది. యవ్వనంలో చేర్చుకున్న నిల్వతోనే వృద్ధాప్యం గడపాలి. నెలసరి ఆగిన తర్వాత స్త్రీల ఎముకలు త్వరగా బలహీనపడతాయి. స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరిగిన పెద్దమ్మలు మన సంఘాలలో ఎందరో ఉన్నారు.

పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం, బాలింతలకు 1200 కావాలి. 100 గ్రాముల రాగులలో సుమారు 360 మిల్లీగ్రాములుంది. తెల్ల బియ్యంలో 10 కూడా లేదు. చోళ్లన్నా తైదలన్నా ఈ రాగులే. ఒక గ్లాసు పాలు గాని పెరుగు గాని 200 మిల్లీగ్రాములకు పైగా ఇస్తుంది. మునగాకు 100 గ్రాములలో 300కు పైగా ఉంది. ముల్లుతో సహా తినే మెత్తళ్ల వంటి చిన్న చేపలు కూడా మంచి ఆధారం.

ఇక్కడ కూడా కంటికి కనిపించే లెక్క వేరు, ఒంటబట్టే లెక్క వేరు. పాలకూరలో కాల్షియం ఉన్నా ఆగ్జలేట్లు దాన్ని కట్టిపడేస్తాయి. పాలలోని కాల్షియం సుమారు 30 శాతం ఒంటబడితే, పాలకూరలోనిది 5 శాతం దాకానే. పాలకూర మానమని మేము చెప్పడం లేదు. కాల్షియంకోసం దానిమీదే ఆధారపడవద్దంటున్నాం. పైగా విటమిన్ డి లేకపోతే కాల్షియం ఒంటబట్టదు. అది ప్రధానంగా ఎండవల్ల వస్తుంది. తలుపులు వేసుకుని ఇంట్లోనే ఉండే పెద్దలను రోజూ కాసేపు ఎండలో కూర్చోబెట్టండి.

జింక్, అయొడిన్: కొంచెమే, కాని తప్పనిసరి

పిల్లల ఎదుగుదలకు, గాయాలు మానడానికి, రోగాలను తట్టుకోవడానికి జింక్ కావాలి. మాంసం, గుడ్లు, పప్పులు, వేరుశనగ, సజ్జలలో ఉంటుంది. పసిబిడ్డకు విరేచనాలైతే ఓఆర్‌ఎస్‌తోపాటు జింక్ కూడా ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. 6 నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకన్నా చిన్నబిడ్డకు 10, మొత్తం 10 నుంచి 14 రోజులు. విరేచనాలు తగ్గగానే చాలామంది తల్లులు ఆపేస్తారు. చెప్పినన్ని రోజులూ ఇస్తేనే పూర్తి మేలు.

అయొడిన్ మనిషికి జీవితమంతటికీ కలిపి ఒక చెంచాడు చాలు. కాని రోజూ కొంచెం కావాలి. అది లేకపోతే గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథి వాచి గాయిటర్ వస్తుంది. గర్భిణికి లోపిస్తే కడుపులో బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. వర్షాలకు నేల కొట్టుకుపోయే కొండ ప్రాంతాలలో మట్టిలోనే అయొడిన్ తక్కువ. అక్కడ పండే పంటలోనూ తక్కువే. శ్రీకాకుళంలో పుట్టిన మన తెలుగు వైద్యుడు వులిమిరి రామలింగస్వామి, ఆయన సహచరులు 1956 నుంచి హిమాచల్‌లోని కాంగ్రా లోయలో అయొడిన్ కలిపిన ఉప్పు ఇచ్చి గాయిటర్ తగ్గుతుందని చూపించారు. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది.

ఈ మధ్య ‘సహజం’ అన్న పేరుతో సైంధవ లవణం, గులాబీ ఉప్పు వాడకం పెరిగింది. వాటిలో సాధారణంగా అయొడిన్ చాలినంత ఉండదు. ప్యాకెట్‌మీద అయొడిన్ కలిపినట్టు రాసి ఉందో లేదో చూసి కొనండి. ముఖ్యంగా గర్భిణులున్న ఇంట్లో ఈ జాగ్రత్త తప్పనిసరి. ఉప్పు డబ్బాకు మూత పెట్టండి, కూరలో ఉప్పు చివర్లో వేయండి.

ఎక్కువైనా ప్రమాదమే

ఖనిజాల విషయంలో ఎంత ఎక్కువైతే అంత మంచిదనే నియమం లేదు. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచాకన్నా తక్కువ ఉండాలి. మన ఊరగాయలు, అప్పడాలు, ఎండుచేపలు, బేకరీ తినుబండారాలతో అది ఉదయానికే దాటిపోతుంది. పొటాషియం ఉన్న పండ్లు, కూరగాయలు, పప్పులు రక్తపోటు తగ్గడానికి సహాయపడతాయి. అయితే కిడ్నీ జబ్బు ఉన్నవారి సంగతి వేరు. వారి శరీరం పొటాషియంను బయటకు పంపలేక అది గుండెకే ప్రమాదం తెస్తుంది. కాబట్టి కిడ్నీ రోగిని పరామర్శించడానికి కొబ్బరిబోండాలు, అరటిపండ్లు తీసుకెళ్లేముందు వారి డాక్టరు ఏమి చెప్పారో అడగండి.

ఫ్లోరైడ్ సంగతి నల్గొండ, ప్రకాశం ప్రజలకు ఎవరూ చెప్పనక్కరలేదు. బోరునీటిలో అది మితిమీరి పళ్లు గారపట్టాయి, ఎముకలు బిగుసుకుపోయాయి. అది ఆ మనుషుల తప్పు కాదు, వారి పాపమూ కాదు. వారికి కావలసింది మంచినీళ్లు. అలాగే ఐరన్ మాత్రలను కూడా పరీక్ష లేకుండా ఏళ్ల తరబడి వాడకూడదు. తలసేమియా వంటి జబ్బులలో ఇనుము ఒంట్లో పేరుకుపోతుంది.

ఈ వారంనుంచే చేయగలిగినవి

పూటలో ఒకదానికి బియ్యం తగ్గించి రాగి, జొన్న, సజ్జ ఏదైనా పెట్టండి. ఆకుకూరో పప్పో ఉన్న భోజనానికి నిమ్మకాయ గాని జామకాయ గాని తోడు చేయండి. టీ, కాఫీలను భోజనానికి కనీసం ఒక గంట ముందో తర్వాతో ఉంచండి. కూరగాయలు ఉడికించిన నీళ్లను చారులో పోయండి. మన సంఘాలలో ఆరాధన తర్వాత పెట్టే ప్రేమవిందులో అన్నం, మాంసం, వెంటనే టీ ఇవ్వడం అలవాటు. ఆ టీని కాస్త ఆలస్యం చేసి, నిమ్మచెక్కలు వడ్డించడానికి ఖర్చేమీ ఎక్కువ కాదు. స్త్రీల సమాజంవారు సంవత్సరానికి ఒకసారి దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంతో మాట్లాడి హిమోగ్లోబిన్ పరీక్ష ఏర్పాటు చేయవచ్చు. గర్భిణులు, బాలింతలు, రక్తహీనత ఉన్నవారు ఉపవాసం ఉండాలనుకుంటే ముందుగా డాక్టరును, కాపరిని అడగాలి. ఆరోగ్యంకోసం ఉపవాసం మానినందుకు ఎవరూ వారిని తక్కువగా చూడకూడదు.

చివరిగా, పట్టికలలో లేని ఒక మాట. మన ఇళ్లలో చాలాచోట్ల భర్త, పిల్లలు, అత్తమామలు తిన్నాక మిగిలినది ఆ ఇంటి ఇల్లాలు తింటుంది. కూరలో ముక్కలు, గుడ్డు, గడ్డపెరుగు అప్పటికే అయిపోతాయి. ఆమెకు మిగిలేది తెల్ల అన్నం, పచ్చడి, చారు. ఇంట్లో అందరికన్నా ఎక్కువ ఇనుము కావలసిన మనిషికి అందరికన్నా తక్కువ ఇనుమున్న పళ్లెం దక్కుతోంది. ఎన్ని పోషకాహార వ్యాసాలు చదివినా ఇది మారకపోతే ఆ 57 శాతం మారదు. కాబట్టి ఈ పత్రిక చదువుతున్న పురుషులకు, యౌవనస్థులకు మా మనవి ఒక్కటే: ఈ రాత్రినుంచి ఇంట్లో అందరూ కలిసి కూర్చుని తినండి, ఆమెకు ముందుగా వడ్డించండి.