స్కీ: చీల్చిన చెక్క
మంచుకొండ మీద జారే ఆటగాడి ఫొటో కింద 'స్కేటింగ్' అని రాయడం చూసినప్పుడల్లా నాకు ప్రాణం చివుక్కుమంటుంది. ధ్వని దగ్గరే గానీ స్కీ, స్కేట్ మాటలకు చుట్టరికం లేదు. స్కేట్ డచ్చి నుంచి వచ్చింది. దాని వెనుక ఉన్న పాత ఫ్రెంచి మాటకు కర్రకాళ్లని అర్థం. స్కీ నార్వే మాట, అక్కడ పలికేది 'షీ' అని. దాని ప్రాచీన నార్స్ రూపానికి చీల్చిన చెక్క, కట్టెపేడు అని అర్థం. జర్మన్‌లో పొయ్యికట్టె నేటికీ 'షైట్' అనే బంధువు పేరుతోనే ఉంది. చీల్చడమనే ఆ ఇండో-యూరోపియన్ ధాతువే సంస్కృతంలో 'ఛిద్' అయింది. మనం వాడే ఛేదించు, ఛిద్రం, విచ్ఛిన్నం దాని సంతానం. మన 'చీలు' మాత్రం ద్రావిడం. ఆ కట్టెపేడు పేరునే ఇప్పుడు వెడల్పాటి 'ట్విన్ టిప్' స్కీ మోస్తోంది. 1998లో సాలమన్ కంపెనీ 'టెన్ ఎయిటీ'తో ప్రచారంలోకి వచ్చిన ఈ రకానికి ముందు కొనతోపాటు వెనక కొన కూడా పైకి వంగి ఉంటుంది. గాలిలో తిరిగి వెనక్కి జారుతూ దిగినా మంచులో గుచ్చుకోదు. నడుము దగ్గర వెడల్పు 100 మిల్లీమీటర్లు దాటితే మెత్తని మంచు మీద బాగా తేలుతుంది, గట్టి మంచు మీద ఒక అంచు నుంచి మరో అంచుకు మారడం నెమ్మదిస్తుంది. బూటును పట్టి ఉంచే బైండింగ్‌ను విన్యాసాల ఫ్రీస్టైల్‌కు మధ్యకు దగ్గరగా, స్వేచ్ఛగా కొండ దిగే ఫ్రీరైడ్‌కు కాస్త వెనక్కి బిగిస్తారు. కాబట్టి ఇలాంటి స్కీ మంచిచెడ్డలు రెండు రకాల మంచు మీదా చూశాకే తేల్చాలి. రాసేటప్పుడు మాత్రం స్కీని స్కీ అనే రాద్దాం. ఒక ఆటకు మనం ఇవ్వగల తొలి మర్యాద దాని పేరును సరిగ్గా పలకడమే.