పురుషుల సంతానోత్పత్తి శక్తి: వయసు, శరీర బరువుల ప్రభావం

దంపతులకు బిడ్డలు కలగకపోతే లోపాన్ని స్త్రీలోనే వెదికే అలవాటు లోతుగా పాతుకుపోయినందువల్ల, పురుషుడి వయసూ బరువూ వీర్యంపై చూపే ప్రభావం ఆధునిక పరిశోధనకు విషయం కావడానికి చాలా కాలం పట్టింది. ప్రాచీన భారతీయ వైద్యులు మాత్రం రెండింటినీ గమనించారు. చరక సంహిత సూత్రస్థానం 21వ అధ్యాయం అతిస్థూలుడికి కలిగే ఎనిమిది దోషాలను చెబుతూ, శుక్రం తక్కువై, దాని మార్గాలను మేదస్సు, అంటే కొవ్వు, కప్పివేయడం వల్ల సంగమం కష్టమవుతుందని వివరించింది. అదే గ్రంథంలో సంతాన శక్తిని పెంచే చికిత్సలను చెప్పే వాజీకరణ ప్రకరణం 16 ఏళ్లకు ముందూ 70 ఏళ్ల తరువాతా స్త్రీ సంగమం తగదని హద్దు పెట్టింది.

1677లో డెల్ఫ్ట్ నగరంలో డచ్ పరిశోధకుడు లేవెన్‌హుక్ సూక్ష్మదర్శినిలో వీర్యకణాలను చూసినా, వయసు ప్రభావానికి తొలి ఆధారం వీర్య పరీక్షలో కాక పుట్టిన బిడ్డల్లో దొరికింది. ఎముకలు పొడవుగా ఎదగక మరుగుజ్జుతనం కలిగించే అకాండ్రోప్లేసియా కుటుంబంలోని చివరి సంతానంలో ఎక్కువగా కనిపిస్తోందని 1912లో జర్మన్ వైద్యుడు విల్హెల్మ్ వైన్‌బర్గ్ గుర్తించాడు. చివరి బిడ్డ పుట్టేనాటికి తల్లి వయసు, తండ్రి వయసు, కాన్పుల సంఖ్య మూడూ కలిసే పెరిగి ఉంటాయి కనుక అసలు కారణమేదో తేలలేదు. 1955లో బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త లయొనెల్ పెన్‌రోజ్ గణాంకాలతో వాటిని విడదీసి, ముఖ్య కారణం తండ్రి వయసేనని చూపాడు. వృషణాల్లోని మూలకణాలు జీవితాంతం విభజన చెందుతూనే ఉంటాయి కాబట్టి, ప్రతి విభజనలో జన్యుపదార్థానికి నకలు తీసేటప్పుడు దొర్లే తప్పులు, అంటే ఉత్పరివర్తనలు, ఏటేటా పోగుపడతాయి. తండ్రి వయసు ఒక్క ఏడాది పెరిగితే బిడ్డకు చేరే కొత్త ఉత్పరివర్తనలు సుమారు రెండు పెరుగుతాయని 2012లో ఐస్‌లాండ్ కుటుంబాలపై జరిగిన పరిశోధన లెక్కగట్టింది. స్త్రీలలో ముట్లుడిగినట్లు పురుషుల్లో సంతాన శక్తి ఒక్కసారిగా ఆగిపోదు. వీర్య పరిమాణం, కణాల చలనం క్రమంగా తగ్గుతాయి. ఈ తగ్గుదల బయటికి కనిపించదు కనుకనే మగవాడికి వయసుతో పనిలేదన్న అపోహ నేటికీ బలంగా ఉంది.

బరువు పనిచేసే తీరు వేరు. కొవ్వు కణజాలంలోని అరోమటేజ్ అనే ఎంజైము పురుష హార్మోనైన టెస్టోస్టిరాన్‌ను స్త్రీ హార్మోనైన ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. రక్తంలో ఈస్ట్రోజన్ పెరిగితే మెదడు దిగువనున్న పిట్యూటరీ గ్రంథి వృషణాలను ప్రేరేపించే హార్మోన్లను తగ్గిస్తుంది. శరీరంకన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండవలసిన వృషణాలు తొడల కొవ్వు మధ్య వేడెక్కడం మరో హాని. కిలోల్లోని బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే బాడీ మాస్ ఇండెక్స్ 25 దాటినవారిలోనే కాక, 20కి లోపున్న బక్కపలుచని యువకుల్లోనూ వీర్యకణాల సంఖ్య తక్కువగా ఉందని 2004లో 1,558 మంది డేనిష్ యువకులపై జరిగిన అధ్యయనం తెలిపింది. తరువాతి అధ్యయనాలన్నీ దీనితో ఏకీభవించకపోయినా, స్థూలకాయం తీవ్రమైనకొద్దీ హాని పెరుగుతుందన్న అభిప్రాయమే బలపడింది.

గడచిన వయసును తిరిగి తెచ్చే వైద్యం లేదు. బరువు విషయంలో ఆశకు ఆధారముంది. 2022లో ప్రచురితమైన డేనిష్ ప్రయోగంలో 56 మంది స్థూలకాయులు ఎనిమిది వారాల మిత కేలరీల ఆహారంతో సగటున 16.5 కిలోలు తగ్గగా, వీర్యకణాల సాంద్రత దాదాపు ఒకటిన్నర రెట్లయింది. ఏడాది తరువాత చూస్తే, తగ్గిన బరువును నిలుపుకున్నవారిలోనే ఆ మేలు మిగిలింది.