భారతదేశ శీతోష్ణస్థితి – భౌగోళిక ప్రభావం

భారతదేశంలో ఎక్కడ ఎంత వాన పడాలో, ఎంత చలి వేయాలో చాలావరకు నేల తీరే నిర్ణయిస్తుంది. ఉత్తరాన హిమాలయాలు, మూడు వైపులా సముద్రం, పడమటి తీరం వెంట కనుమలు ఇందులో ముఖ్యమైనవి. ఏడాది వానలో దాదాపు 75 శాతం జూన్–సెప్టెంబరు నెలల్లో నైరుతి రుతుపవనాలే తెస్తాయి.

హిమాలయాలు

సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట భారత ఫలకం ఆసియాను ఢీకొనడంతో ఈ పర్వతాలు లేవసాగాయి. మధ్య ఆసియా చలిగాలులు గంగా మైదానం మీదికి రాకుండా ఇవే కాపాడుతున్నాయి. ఇతర కొండల ప్రభావమూ తక్కువేం కాదు. మేఘాలయలోని ఖాసీ కొండలు బంగాళాఖాతం నుంచి వచ్చే తేమను ఒడిసిపడతాయి. అక్కడి మాసిన్‌రాంలో సగటున ఏటా 1,187 సెంటీమీటర్ల వాన పడుతుంది. ఆరావళి పర్వతాలు మాత్రం అరేబియా సముద్రపు గాలి వీచే దిశలోనే సాగడంతో దాన్ని ఆపలేవు. పశ్చిమ రాజస్థాన్ ఎడారిగా ఉండడానికి అదొక కారణం.

అవగాహన పెరిగిన తీరు

క్రీ.శ. 1వ శతాబ్దానికే విదేశీ నావికులు రుతుపవనాల వాలున మలబారు తీరానికి వచ్చేవారు. మన రైతులు కార్తెలను బట్టి విత్తనాలు వేసేవారు. నేల, సముద్రం వేడెక్కడంలోని తేడాయే ఈ గాలులకు మూలమని 1686లో ఎడ్మండ్ హేలీ వివరించాడు. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. దాని తొలి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్, హిమాలయాల్లో మంచు ఎక్కువగా కురిస్తే తర్వాతి వానలు తగ్గుతాయని గుర్తించి, 1880లలో వానల ముందస్తు అంచనాలు మొదలుపెట్టాడు. 1904లో ఆ పదవిలోకి వచ్చిన గిల్బర్ట్ వాకర్, పసిఫిక్, హిందూ మహాసముద్రాలపై వాయుపీడనం ఒకచోట పెరిగితే మరోచోట తగ్గుతుందని కనిపెట్టాడు. ఉత్తరాది పొడి గాలులను హిమాలయాలు అడ్డుకోవడమే రుతుపవనాలకు ఎక్కువ బలమని 2010లో బూస్, కువాంగ్ అనే శాస్త్రవేత్తలు కంప్యూటర్ నమూనాలతో చూపారు.

కనుమలకు ఇటూ అటూ

గాలి పడమటి కనుమలు ఎక్కుతూ చల్లబడి తేమను వదిలేస్తుంది. కర్ణాటకలోని ఆగుంబెలో ఏటా 700 సెంటీమీటర్లకు పైగా వాన పడేది అందుకే. అవతలికి దిగే గాలి వేడెక్కి పొడిబారుతుంది. ఆ వర్షచ్ఛాయలో ఉన్న రాయలసీమలోని అనంతపురానికి దక్కేది దాదాపు 55 సెంటీమీటర్లే. తూర్పు తీరానికి దూరం కావడంతో ఈశాన్య రుతుపవనాలూ అక్కడ అంతంతమాత్రమే.

ఈ కొరతకు రాయలసీమ చెరువులతో బదులిచ్చింది. కడప ప్రాంతంలోని పోరుమామిళ్ల చెరువు శాసనం (1369) మంచి చెరువుకు ఉండాల్సిన 12 లక్షణాలను, ఉండకూడని 6 దోషాలను వివరిస్తుంది.