వంచిన ఇనుప చువ్వను తిన్నగా చేసి వాడొచ్చా?

ఉక్కు నగరం విశాఖలో ఇల్లు కట్టుకునేవారికి ఇనుము దొరకడం కష్టం కాదు. దాన్ని వాడే తీరులోనే పొరపాట్లు జరుగుతుంటాయి. 12 మీటర్ల చువ్వలను వాహనంలో పట్టేలా మధ్యకు మడిచి తెస్తారు. సైటులో దించాక సమ్మెటతో కొట్టి తిన్నగా చేస్తారు. పై అంతస్తు కోసం మేడ మీద వదిలిన పిల్లర్ చువ్వలనూ అడ్డం రాకుండా వంచి, కొన్నేళ్లకు మళ్లీ నిలబెడతారు. పైకి చువ్వ మామూలుగానే కనిపిస్తుంది. మరి లోపల?

వంచితే ఏమవుతుంది?

మంచి ఉక్కు విరిగే ముందు సాగుతుంది. అందుకే భారం మించినప్పుడు కాంక్రీటు ముందుగా పగుళ్లిచ్చి, ఇంట్లోవారికి బయటపడే సమయం దొరుకుతుంది. ఐఎస్ 1786 ప్రమాణం ప్రకారం ఎఫ్‌ఈ 500 రకం కనీసం 12 శాతం, ఎఫ్‌ఈ 500డి కనీసం 16 శాతం సాగాలి.

చువ్వను వంచిన చోట ఈ సాగే గుణం కొంత ఖర్చయిపోతుంది. అక్కడ ఉక్కు గట్టిపడుతుంది. దీన్నే స్ట్రెయిన్ హార్డెనింగ్ అంటారు. గట్టిపడిందంటే మేలే కదా అనుకోవద్దు. ఇక సాగడానికి మిగిలింది తక్కువని అర్థం.

అవశేష ఒత్తిడి అంటే?

వంచి వదిలేస్తే చువ్వ కాస్త వెనక్కి లేస్తుంది. పూర్తిగా లేవలేక కొంత ఒత్తిడి లోపలే చిక్కుకుంటుంది. వంపు లోపలి అంచులో అది లాగే ఒత్తిడిగా మిగులుతుంది. వంచేటప్పుడు నలిగి, చువ్వ మీది ఉబ్బు గీతల మొదట్లో సన్నని పగుళ్లు రావొచ్చు. తిన్నగా చేసేటప్పుడు మళ్లీ సరిగ్గా ఆ అంచునే లాగుతాం. రెండు ఒత్తిళ్లూ కలిసి ఆ పగులును తెరుస్తాయి. పైగా రోజులు గడిచేకొద్దీ వంచిన ఉక్కు మరికొంత పెళుసవుతుంది.

పరీక్షలో నెగ్గిన చువ్వే కదా?

ప్రమాణంలోని రీబెండ్ పరీక్షలో చువ్వను గుండ్రటి దిమ్మె చుట్టూ 45 డిగ్రీలు వంచుతారు. కాలం గడిచిన ప్రభావం కోసం 30 నిమిషాలు మరిగే నీటిలో ఉంచుతారు. చల్లారాక 22.5 డిగ్రీలు, అంటే సగం మాత్రమే వెనక్కి తెస్తారు. పూర్తిగా మడిచి, సమ్మెటతో తిన్నగా చేయడానికి ఈ పరీక్ష భరోసా ఇవ్వదు.

మీరేం చేయాలి?

• చువ్వలను మడవకుండా తెమ్మని ఆర్డరు ఇచ్చేటప్పుడే చెప్పండి. మడిచి తెస్తే వంపు భాగాన్ని కోసి తీసేసి, మిగతా ముక్కలను పొట్టి చువ్వలు కావాల్సిన చోట వాడించండి.

• వంచడానికి చువ్వను ఎర్రగా కాల్చనివ్వద్దు. టీఎంటీ చువ్వ బలం చాలావరకు నీటితో ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరిచిన పై పొరలో ఉంటుంది. కాలిస్తే ఆ బలం పోతుంది.

• మేడ మీద వదిలిన చువ్వలను వంచకండి. సముద్రపు ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా పలుచని కాంక్రీటుతో కప్పించండి.

• ఇప్పటికే వంచి ఉంటే, పై అంతస్తు మొదలుపెట్టే ముందు స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించండి. తిన్నగా చేసే పని మేస్త్రీ నిర్ణయానికి వదలకండి.

• కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు, పరీక్షా పత్రం అడగండి. లైసెన్స్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు.